పిన్‌బాల్ మిషన్ మన దిక్కు గేమ్ జోన్‌లల్ల మళ్ళ నడుస్తదా? రిపేరు తెలిసినోళ్ళు, లెక్క తెలిసినోళ్ళు చెప్పుండ్రి

#1 గడియారం_సెంటర్ (నల్గొండ)

నల్గొండ, పాలమూరు, సూర్యాపేట, మిర్యాలగూడ ఏడ చూసినా గేమ్ జోన్ అంటే అవే నాలుగు: ఎయిర్ హాకీ, బాస్కెట్‌బాల్, కారు రేసు, బొమ్మను పట్టే క్లా మిషన్. అమెరికాల పిన్‌బాల్ (అద్దం కింద వాలు టేబుల్ మీద ఉక్కు బంతిని బటన్లతోటి కొట్టి, కిందికి జారిపోకుండ ఆడే మిషన్) మళ్ళ లేచిందని వీడియోలల్ల మస్తు చెప్తున్నరు. మన జిల్లా కేంద్రంల 1,400 చదరపు అడుగుల జోన్‌ల ఒక్క మిషన్ పెడితే నడుస్తదా? నాక్కావాల్సింది మూడు ముచ్చట్లు: ధర ఎంత పడతది, చెడిపోతే ఎవలు బాగు చేస్తరు, మన పోరగాండ్లు ఆడతరా. "చిన్నప్పటి జ్ఞాపకాలు" అన్న ముచ్చట వద్దు.

#2 పాలమూరు_ప్లంజర్ (మహబూబ్‌నగర్)

ముందుగాల ఆ "మళ్ళ" అన్న మాట తీసెయ్యాలె. మన దిక్కు అది ఎన్నడూ రాలేదు, ఇగ మళ్ళ వచ్చుడేంది? మనోళ్ళకు తెలిసిన పిన్‌బాల్ రెండే. ఒకటి జాతరల అమ్మే మేకుల బోర్డు: స్ప్రింగ్ పుల్ల గుంజి గోలీ వదిలితే నంబరున్న గుంతల పడేది. రెండోది ఇంటర్‌నెట్ సెంటర్ల కంప్యూటర్లల్ల విండోస్ ఎక్స్‌పీతోటి వచ్చిన స్పేస్ క్యాడెట్. మొదటిది పిన్‌బాల్‌కు తాత అసువంటిది. ఆ స్ప్రింగ్ ప్లంజర్‌కు మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871ల పేటెంట్ తీసుకున్నడు. ఫ్లిప్పర్లు (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న రెక్కలు) వచ్చింది 1947ల, గాట్‌లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మిషన్‌ల. ఫ్లిప్పర్ లేనప్పుడు బంతి ఎటు పోతే అటే, ఆడేటోని చేతుల ఏం లేదు. అందుకే దాన్ని జూదం కింద లెక్కగట్టి న్యూయార్క్ 1942ల బంద్ పెట్టింది. 1976ల రోజర్ షార్ప్ అనే ఆయన నగర మండలి ముంగట, బంతి ఏ దారిల పోతదో ముందే చెప్పి కొట్టి చూపించినంక ఎత్తేసిన్రు.

ఇప్పుడు లేచుడు ముచ్చట. 1992ల వచ్చిన ది ఆడమ్స్ ఫ్యామిలీ అనే మోడల్ 20,270 మిషన్లు అమ్ముడుపోయింది. అదే శిఖరం. ఏడేండ్లకు, 1999 అక్టోబర్‌ల విలియమ్స్ కంపెనీ తన పిన్‌బాల్ విభాగాన్నే మూసేసింది. అటెనుక పదేండ్లకు పైన పెద్ద ఎత్తున తయారు చేసింది ఒక్క స్టెర్న్ కంపెనీ. 2013ల జెర్సీ జాక్ అనే కంపెనీ మొదటి మిషన్ పంపినంకనే పోటీ మొదలైంది. అయితే ఈ కొత్త మిషన్లల్ల మస్తు వాటా ఇండ్లల్లకే పోతున్నయి. బయట నడిచేటియి ఎక్కువ బార్లల్ల, లీగ్‌లు పెట్టే చోట్ల. అంటే పిన్‌బాల్ బతికిందన్నది నిజం. ఆర్కేడ్‌ల బతికిందన్నది సగమే నిజం.

#3 జడ్చర్ల_లెక్కలు

అంకెలు పెడుతున్న. ఇవన్నీ అనుకున్న అంకెలే, ఎవరి అంకె వాళ్ళు మార్చుకోవాలె.

స్టెర్న్ ప్రో మోడల్ 7 వేల డాలర్ల అటూ ఇటూ. డాలరు 88 రూపాయలు వేసుకుంటే 6 లక్షల 16 వేలు. ఓడ కిరాయి, కస్టమ్స్, జీఎస్టీ, క్లియరింగ్ ఏజెంటు, హైదరాబాద్ నుంచి లారీ కలిపి 10 లక్షలు అనుకుందాం. పన్ను ఎంతో 9504 హెడ్డింగ్ (కస్టమ్స్ పట్టికల ఆటల మిషన్ల నంబరు) కింద కస్టమ్స్ బ్రోకరును అడిగి రాయించుకోవాలె. ఆ రేట్లు మారుతుంటయి.

ఆటకు 30 రూపాయలు, రోజుకు 25 ఆటలు: 750. నెలకు 22,500. ఖర్చు: ఆడేటోడు నిలబడే జాగతో కలిపి 27 చదరపు అడుగులు, అడుగుకు 60 చొప్పున 1,620. కరెంటు 75 యూనిట్లు, పది రూపాయల లెక్కన 750. స్పేర్లు 2,000. మనిషి జీతంల వాటా 4,000. మొత్తం 8,370. మిగిలేది 14,130. పది లక్షలు తిరిగి రావాలంటే 71 నెలలు. ఆరేండ్లు!

మూడేండ్లల్ల రావాలంటే రోజుకు 40 ఆటలు కావాలె. కొత్తోడు ఆడితే మూడు బంతులు కలిపి మూడు నిమిషాలకు మించది. అంటే 40 ఆటలు రెండు గంటల పని. పది గంటల్ల రెండు గంటలు నడిస్తే చాలు. మిషన్‌కు టైం చాలక కాదు, మనుషులు చాలక నష్టమొస్తది.

#4 సాగర్_కట్ట

అన్నా, ఈ బరువంతా ఎందుకు? 43 అంగుళాల టీవీ పండబెట్టి, కంప్యూటర్‌ల విజువల్ పిన్‌బాల్ ఎక్కించి, రెండు పక్కల బటన్లు పెడితే లక్షన్నరల అయితది. వంద టేబుళ్ళు ఒక్క డబ్బాల. బంతి ఇరుక్కునే బాధ లేదు, కాయిల్ కాలే బాధ లేదు.

#5 పాలమూరు_ప్లంజర్

తమ్మీ, అది ఇంట్ల అయితే బాగుంటది. జోన్‌ల పెడితే పోరగాడు ఒక్కసారి చూసి "ఇది ఫోన్‌ల ఉన్నది కదా" అంటడు. పిన్‌బాల్‌ల అమ్ముడుపోయేది ఆ 80 గ్రాముల ఉక్కు బంతి. అద్దం కింద నిజంగ కొట్టుకునే చప్పుడు, ఫ్లిప్పర్ కొట్టినప్పుడు అరచేతికి తాకే అదురు. అవి తీసేస్తే మిగిలేది వీడియో గేమే. 1970ల చివర్ల పిన్‌బాల్‌ను కొట్టింది కూడ వీడియో గేములే. వాటి ఆటనే మళ్ళ వాటితోటి ఆడి గెలువలేం. ఇంకో ముచ్చట, వాణిజ్యంగ నడిపేటప్పుడు ఆ టేబుళ్ళ బొమ్మలు, పాటల హక్కులు ఎవరివో చూసుకోవాలె.

#6 గడియారం_సెంటర్

సరే, లెక్క చూసి నోరెండింది. అయినా అడుగుత. చెడిపోయేది ఏంది అసలు? క్లా మిషన్‌ల తాడు తెగుతది, మోటరు పోతది, అంతే. దీంట్ల?

#7 పాలమూరు_ప్లంజర్

పది ఫిర్యాదులల్ల ఆరు ఫ్లిప్పర్ కాడనే వస్తయి. "ఫ్లిప్పర్ మెత్తగ కొడుతుంది, బంతి ర్యాంపు ఎక్కుతలేదు." వెంటనే కాయిల్ మార్చుతరు. తప్పు. కాయిల్ అంటే తీగె చుట్ట, అది మెల్లగ బలహీనపడదు. ఉంటే ఉంటది, కాలితే కాలుతది. అరిగేది దాని చుట్టూ ఉన్న సామాను.

కరెంటు తీసి, బంతులు తీసి, అద్దం జరిపి, ప్లేఫీల్డ్ (బంతి తిరిగే చెక్క) లేపి చూడాలె. వరుస ఇది. కాయిల్ లోపలి నైలాన్ స్లీవ్ (గొట్టం) బయటికి గుంజి వేలు పెట్టి చూడు. లోపల నల్ల దుమ్ము ఉంటే, గీతలు పడితే పారెయ్. కడిగి మళ్ళ పెట్టొద్దు, నూనె అసలే వెయ్యొద్దు. నూనె ఆ దుమ్ముతో కలిసి రెండు వారాలల్ల బంక అయితది. తర్వాత ప్లంజర్ (బంతి వదిలే పుల్ల కాదు, కాయిల్ లోపలికి గుంజుకునే ఇనుప కడ్డీ) కొన: పుట్టగొడుగు లెక్క వెడల్పయితే స్లీవ్‌ల ఇరుకుతది. కాయిల్ స్టాప్ (ప్లంజర్ తగిలి ఆగే ఇనుప బిళ్ళ) నడుమ గుంత పడితే దెబ్బ పొడుగు పెరిగి లింక్ (ప్లంజర్‌ను ఫ్లిప్పర్‌కు కలిపే పట్టీ) విరుగుతది. లింక్‌కు పిన్ తగిలే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తే ఫ్లిప్పర్ లూజ్ కొడుతది. చివరికి ప్లేఫీల్డ్ బుషింగ్ (ఫ్లిప్పర్ ఇరుసు తిరిగే నైలాన్ గొట్టం).

బిగించేటప్పుడు ఫ్లిప్పర్‌కు పైకి కిందికి ముప్పావు మిల్లీమీటరు ఆట ఉంచాలె. మొత్తం బిగిస్తే నైలాన్ బుషింగ్‌ను రాసుకుంట నెమ్మదిగ దిగుతది. ఎక్కువ వదిలితే రబ్బరు ప్లేఫీల్డ్ మీద గీస్తది, పెయింటు లేస్తది. ఈ సామానంతా రీబిల్డ్ కిట్ పేరుతో ఒక్క సంచిల దొరుకుతది. మిషన్ కొన్ననాడే ఒక్కో ఫ్లిప్పర్‌కు రెండేసి కిట్లు తెప్పించుకోవాలె. ఒక్క స్లీవ్ కోసం నెల రోజులు మిషన్ మీద "పని చేయుట లేదు" కాగితం అంటిస్తే, ఆ కాగితం చూసినోడు మళ్ళ దాని దిక్కు రాడు.

పాత మిషన్లల్ల ఈవోఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రోక్) స్విచ్ అని ఒకటుంటది, ఫ్లిప్పర్ పూర్తిగ లేచినప్పుడు తెరుచుకునేది. ఆ కాయిల్‌ల రెండు వైండింగులు: కొట్టేది, పట్టుకునేది. స్విచ్ మూసి ఉన్నంత సేపు కరెంటు కొట్టే వైండింగ్ ఒక్కదాంట్ల నుంచే పోతది. తెరిస్తే రెండింటిల నుంచి పోయి తగ్గుతది. స్విచ్ పత్తీలు మాసి కలవకుంటే ఫ్లిప్పర్ మెత్తబడతది. తెరవకుంటే బటన్ పట్టుకున్న కొద్ది సెకండ్లల్ల కాయిల్ పొగ. ఆ పెద్ద కరెంటు పత్తీలను సన్న ఆకురాయితో రుద్దొచ్చు. మిగతా బంగారు పూత స్విచ్‌లను రుద్దితే పూత పోయి ఇంకా చెడుతయి, వాటి మధ్య విజిటింగ్ కార్డు పెట్టి గుంజుడే. కొత్త స్టెర్న్‌లల్ల ఒకటే వైండింగ్, పట్టుకునే కరెంటును బోర్డే పల్స్‌లుగ ఇస్తది.

#8 మిల్లుమోటరు (మిర్యాలగూడ)

కాయిల్ కాలితే అమెరికా నుంచి తెప్పించేది ఏంది అన్నా? రైస్ మిల్లుల ఊర్ల వైండింగ్ షాపులకు కొదువనా? కాయిల్ మీద చీటీ ఉంటది కదా. ఏఈ-23-800 అంటే 23 గేజీ తీగె, 800 చుట్లు. చీటీల్నే జాతకం ఉన్నది.

అయితే మనోళ్ళు బోల్తా పడేది ఇక్కడ్నే. ఆ 23 అమెరికన్ గేజీ. మన షాపుల ఉండేది ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ గేజీ. అమెరికన్ 23 అంటే 0.573 మి.మీ. మన 23 అంటే 0.610. మనది చుడితే రెండు నష్టాలు: 800 చుట్లు బాబిన్‌ల (తీగె చుట్టే ప్లాస్టిక్ రీలుల) పట్టవు, ఎట్లనో కొట్టి పట్టించినా ఓములు తగ్గి కరెంటు ఎక్కువ గుంజుతది, ట్రాన్సిస్టర్ మీద పడతది. ఎస్‌డబ్ల్యూజీ 24 తీసుకోవాలె, 0.559. ఓములు ఒక అయిదు శాతం పెరుగుతయి, నడుస్తది. 26 గేజీ కాయిల్ అయితే మన 27 దగ్గరికి వస్తది. షాపాయనకు గేజీ నంబరు చెప్పకు, మైక్రోమీటరుతో కొలిచిన మి.మీ. చెప్పు. ఎనామిల్ గీకినంకనే కొలువాలె, లేకుంటే పూత మందం కలుస్తది.

ఒకటే వైండింగ్ ఉన్న కాయిల్‌కు ఎటు తిప్పి చుట్టినా ఒకటే. రెండు వైండింగుల ఫ్లిప్పర్ కాయిల్‌కు రెండూ ఒకే దిక్కు తిరగాలె. చుట్టినంక మీటరు పెట్టి చూడు: కొట్టేది 4 ఓముల దగ్గర, పట్టుకునేది 130 నుంచి 160 మధ్య రావాలె. 3 కంటె తక్కువ చూపెడితే పెట్టకు, లోపల చుట్లు షార్ట్ అయినయి.

కాలిన కాయిల్ బాబిన్ కరిగి వంకర పోతే మాత్రం చుట్టించుడు దండగ. కొత్త స్లీవ్ దాంట్లకు దిగదు.

#9 వనపర్తి_వైరింగ్

మిల్లుమోటరు అన్న చెప్పింది బాగుంది, కానీ కాయిల్ ఎందుకు కాలిందో చూడకుండా కొత్తది పెడితే అదీ కాలుతుంది. మిషన్ ఆన్ చెయ్యగానే ఏదైనా కాయిల్ "టక్" మని లేచి దిగకుండా ఉండిపోతే వెంటనే ఆఫ్ చెయ్యాలి. దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ షార్టయింది. 90ల విలియమ్స్ బోర్డుల మీద అది ఎక్కువగా టిప్-102. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, నకిలీలు కూడా అక్కడే దొరుకుతాయి. కరెంటు లేనప్పుడు మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి పక్కనున్న మంచి ట్రాన్సిస్టర్‌తో పోల్చండి. వేరుగా చూపిస్తే అదే దొంగ.

కాయిల్ మీద ఉండే డయోడ్ 1ఎన్4004. గీత ఉన్న చివర పాజిటివ్ తీగె వైపు ఉండాలి. వైండింగ్ షాపులో కాయిల్ తెచ్చి తిప్పి టంకం వేస్తే ఒక్క దెబ్బకు ఫ్యూజ్, ట్రాన్సిస్టర్ రెండూ పోతాయి. డయోడ్ మరిచిపోతే కాయిల్ వదిలినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ను తినేస్తుంది. ఫ్యూజ్ పోయిందని పెద్ద ఫ్యూజ్ వేసే అలవాటు మాత్రం మన దగ్గర నుంచి ఎప్పుడు పోతుందో.

స్విచ్‌ల సంగతి. అవి ఒక్కొక్కటి విడిగా బోర్డుకు పోవు. 8 అడ్డ వరుసలు, 8 నిలువు వరుసలు, 64 స్విచ్‌ల మాతృక. ఒక స్విచ్ నొక్కితే సంబంధం లేని ఇంకొకటి కూడా పడినట్టు చూపిస్తే, అదే వరుసలో ఏదో డయోడ్ షార్టయింది. వరుస మొత్తం చచ్చిపోతే తీగె ఊడింది, లేదా కనెక్టర్. ముందు సర్వీస్ మెనూలో స్విచ్ టెస్టు పెట్టి వేలితో ఒక్కొక్కటి నొక్కుతూ కాగితం మీద రాసుకోండి. సగం జబ్బు ఆ కాగితంలోనే బయటపడుతుంది.

పాత మిషన్ కొనేవాళ్ళు బ్యాక్‌బాక్స్ (వెనక నిలబడి ఉండే స్కోరు డబ్బా) తెరిచి మొదట చూడాల్సింది బ్యాటరీలు. 90ల విలియమ్స్ బోర్డు మీద మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. అవి కారితే ఆకుపచ్చ బూజులాంటిది కింది చిప్‌ల కాళ్ళు, సాకెట్లు తింటుంది. పచ్చగా కనిపిస్తే ధర సగానికి అడగండి, లేదా వెనక్కి తిరిగి రండి.

#10 జడ్చర్ల_లెక్కలు

అక్కా, పాత మిషన్ అన్నరు కాబట్టి చెప్తున్న. వాడిన సామాను దిగుమతికి కొత్త సామానుకున్న రూలు ఉండదు, అనుమతి అడుగుతరు. కంటైనర్ ఎక్కించినంక అడిగితే పోర్టుల కిరాయి పడుతుంటది. బ్రోకరు రాతపూర్వకంగ చెప్పకముందు పైసా కట్టొద్దు. దేశంల ఇప్పటికే ఉన్నది ఎవరన్న అమ్మితే అది వేరే ముచ్చట.

#11 గడియారం_సెంటర్

కరెంటు ముచ్చట? ఎండాకాలం మా దిక్కు సాయంత్రం వోల్టేజీ ఎట్లుంటదో తెలుసు కదా.

#12 వనపర్తి_వైరింగ్

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మిషన్లు 115 వోల్టుల జంపర్‌తో (వోల్టేజీని ఎంచే తీగె కలుపుతో) వస్తాయి. దాన్ని 230కి మార్చకుండా ప్లగ్ పెడితే ఆ పెట్టుడే చివరిది. జంపర్ పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. 230కి మార్చినప్పుడు మెయిన్ ఫ్యూజ్ కూడా తగ్గించాలి, లేబుల్ మీద రెండు విలువలూ రాసి ఉంటాయి. ఒక మిషన్‌కు 1 కేవీఏ స్టెబిలైజర్ చాలు. ఇన్వర్టర్ మీద నడపాలంటే సైన్ వేవ్‌దే ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. ఆడేవాడి రెండు అరచేతులూ డబ్బా పక్కల మీదే ఉంటాయి. కాళ్ళు ఇనుము, ముందు పట్టీ ఇనుము, కాయిన్ డోరు ఇనుము. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చే పని ఇక్కడ చేస్తే పిల్లల ప్రాణాలతో ఆట. ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్ళు పోయిస్తున్నారా అని కూడా అడగండి.

స్వైప్ కార్డు రీడర్ బిగించేవాళ్ళకు ఒక మాట. రీడర్ ఇచ్చే 12 వోల్టుల తీగెను నేరుగా కాయిన్ స్విచ్‌కు కలపొద్దు, స్విచ్ ఇన్‌పుట్ కాలిపోతుంది. మధ్యలో చిన్న రిలే పెట్టి దాని ఖాళీ కాంటాక్టును కాయిన్ స్విచ్‌కు సమాంతరంగా కలపండి. పల్స్ 50 నుంచి 100 మిల్లీసెకండ్లు. అర సెకండు పెడితే చాలా బోర్డులు నాణెం ఇరుక్కుందనుకుని క్రెడిట్ ఇవ్వవు.

#13 సాగర్_కట్ట

ఇదంతా విన్నంక నా టీవీ డబ్బానే నయం అనిపిస్తుంది 😀

#14 పాలమూరు_ప్లంజర్

నవ్వు తమ్మీ, నవ్వు. నిలబెట్టుడు కూడ చెప్పేస్త.

మిషన్ 115 నుంచి 130 కిలోలు. మెట్ల మీదికి ఎక్కించాలంటే కాళ్ళు విప్పి, బ్యాక్‌బాక్స్ మడిచి బెల్టు కట్టి, వెనక భాగం మీద నిలబెట్టి నలుగురు మోయాలె. దానికి ముందు బంతులు బయటికి తీయాలె. తీయకుండ నిలబెడితే అవి లోపల దొర్లి ప్లాస్టిక్కులు పగులగొడుతయి. ఏ మూలనో బోర్డు మీద పడి షార్ట్ కూడ చేస్తయి. కాళ్ళ కింద కప్పులు పెట్టాలె, లేకుంటే బోలుగ అతికించిన టైల్స్ పగులుతయి.

వాలు 6.5 డిగ్రీలు. స్కేలుతో కొలిచేటోళ్ళకు: పొడుగున 10 అంగుళాలకు 1.14 అంగుళాల ఎత్తు. ఫోన్ యాప్‌ను అద్దం మీద పెట్టి చూస్తరు, తప్పు. అద్దం వాలు, ప్లేఫీల్డ్ వాలు ఒకటే కావు. అద్దం తీసి చెక్క మీదనే పెట్టాలె. ముందు అడ్డం సమం చేసి, తర్వాత పొడుగు వాలు, మళ్ళ అడ్డం. వారం అయినంక ఇంకోసారి, ఎందుకంటే కాళ్ళు కుదురుకుంటయి. వాలు 5 కంటే తగ్గితే బంతి సోయి లేనట్టు తేలుతది, ఆట సాగుతది, పైసలు తగ్గుతయి. 7.5 దాటితే కొత్తోడు పదిహేను సెకండ్లల్ల బంతి పోగొట్టుకుని తిట్టుకుంట పోతడు.

మన దగ్గర అందరూ కొత్తోళ్ళే. అందుకే మొదటి ఆరు నెలలు మెనూల బాల్ సేవ్ (మొదట్లనే పోయిన బంతిని తిరిగి ఇచ్చే టైం) 15 సెకండ్లు పెట్టు, పక్క దారుల పోస్టులను ఇరుకు రంధ్రంల బిగించు, ఒక్క ఆటకు మూడు బంతులే ఉంచు. అయిదు పెడితే వరుసల నిలబడ్డోడు వెళ్ళిపోతడు. టిల్ట్ గుండును (డబ్బాను ఊపితే ఆట ఆపే వేలాడే గుండు) కొంచెం కిందికి దించితే మెల్లగ తట్టినా ఆట ఆగదు. కాని మరీ దించితే పెద్ద పోరగాండ్లు డబ్బాను ఎత్తి పడేస్తరు.

#15 గడియారం_సెంటర్

తుడుచుడు? నీళ్ళతోటి తుడిస్తె అయితదా?

#16 పాలమూరు_ప్లంజర్

నీళ్ళు వద్దే వద్దు, అందుల నల్గొండ బోరు నీళ్ళు! ఫ్లోరైడ్ సంగతి పక్కన పెట్టు, ఆ ఉప్పు ఎండితే తెల్ల మరక దిగి పోదు, చెక్క నార లేస్తది. అయిదు వందల ఆటలకోసారి బంతులు తీసి, మైక్రోఫైబర్ గుడ్డకు నాఫ్తా కొంచెం అద్ది తుడిచి, రాపిడి పొడి లేని కార్నౌబా మైనం పూసి ఆరినంక రుద్దాలె. నాఫ్తా అంటుకుంటది, కరెంటు తీసి కిటికీ తెరిచి చెయ్యి. స్పిరిట్ రబ్బరు రింగులకే, పాత మిషన్ల పెయింటు మీద పడితే మసక తేలుతది. సిలికాన్ స్ప్రే, తుప్పు స్ప్రే లోపల ఏడ కూడ కొట్టొద్దు.

ఆ నల్ల గీతలు బయటి దుమ్ము కాదు, స్లీవ్‌లు, ప్లంజర్లు అరిగిన పొడి. బంతి దాన్ని మోసుకుంట టేబుల్ అంత రుద్దుతది. బంతిని వెలుతురుకు పట్టు, నీ మొహం గీతలు లేకుండ కనబడకపోతే మార్చు. పాత బంతి ఉప్పు కాగితం లెక్క పని చేస్తది.

#17 మిల్లుమోటరు (మిర్యాలగూడ)

బంతి 1 1/16 అంగుళం కదా? బేరింగ్ షాపుల ఆ సైజు గుండు దొరుకుతది. కాని అది క్రోమ్ స్టీలు. అయస్కాంతం ఉన్న టేబుల్‌ల వారం తిరిగితే అదే అయస్కాంతమయి ఒకదానికొకటి అతుక్కుంటయి, ట్రఫ్‌ల (కింద బంతులు వరుసగ ఆగే కాలువల) ఇరుకుతయి. అయస్కాంతం లేని టేబుల్‌కు నడుస్తది. అద్దం కూడ ఇక్కడ్నే చేపియ్యొచ్చు: 21 × 43 అంగుళాలు, 5 మి.మీ. టఫెన్డ్. కొలత పక్కా చూసి ఇవ్వాలె, టఫెన్ చేసినంక అర మిల్లీమీటరు కూడ కొయ్యరాదు, కోస్తే మొత్తం పొడి. మామూలు అద్దం పెట్టినోడు పిల్లల చేతులు కోసినోడే.

#18 జడ్చర్ల_లెక్కలు

ఏడ పెట్టాలె అన్నది ఎవరు చెప్పలేదు. చానామంది 65 నంబరు హైవే మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట ఫుడ్ కోర్టులు అంటరు, 44 మీద జడ్చర్ల అంటరు. జనం మస్తు, నిజమే. కాని ఆడ ఆగేటోడు అరగంటల బస్సెక్కుతడు, మళ్ళ రాడు. పిన్‌బాల్ మొదటి ఆట ఎవరికి అర్థం కాదు. అయిదో ఆటల రుచి పడతది. వచ్చినోడే వచ్చే చోటు కావాలె. నల్గొండల మహాత్మా గాంధీ యూనివర్సిటీ పోరగాండ్లు, పాలమూరు యూనివర్సిటీ దిక్కు హాస్టళ్ళు. వారానికి ఒకనాడు నలుగురు నలుగురుగ స్కోరు పోటీ పెడితే ఆ 40 ఆటలు వచ్చే దారి అదొక్కటే కనబడుతుంది.

జాతరలల్ల పెడదామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోవాలె. పెద్దగట్టుల జనం లక్షలల్ల ఉంటరు. కాని మట్టి నేల మీద 6.5 డిగ్రీలు ఎట్ల నిలబెడతవు, జనరేటర్ వోల్టేజీ ఎట్ల ఆపుతవు?

పోటీ అన్న కాబట్టి ఇంకోటి. గెలిచినోనికి పైసలు, ఆటకు పందెం, ఆ జోలికే పోవద్దు. తెలంగాణ గేమింగ్ చట్టం 1974దే, కాని 2017 సవరణల "నైపుణ్యం ఆట" అన్న మినహాయింపు తీసేసిన్రు. ఇది నైపుణ్యం ఆటనే అని రోజర్ షార్ప్ లెక్క కొట్టి చూపెట్టినా ఇక్కడ చెల్లదు. గెలిచినోని పేరు బోర్డు మీద రాసి పెట్టు, అంతే. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, పోలీసుల అనుమతి ముందుగాల కనుక్కో.

#19 వనపర్తి_వైరింగ్

కొనడం కన్నా చెయ్యడం నయమని నా అభిప్రాయం. 12 మి.మీ. మంచి ప్లైవుడ్, రెండు ఫ్లిప్పర్లు, మూడు బంపర్లు, ఒక ర్యాంపు, 48 వోల్టుల ఎస్‌ఎంపీఎస్, ఉచితంగా దొరికే మిషన్ (Mission) పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్. పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో ఒక సెమిస్టర్ ప్రాజెక్టు. మొదటిది ఆడేలా ఉండదు, ముందే చెప్తున్నా. బంతి ఇరుక్కునే మూలలు కనీసం పది కనిపిస్తాయి, రెండోసారి కోసే చెక్క మీద సరిచేస్తారు. కానీ ఆ ఇద్దరు ముగ్గురు పిల్లలే రేపు మీ మిషన్‌కు మెకానిక్కులు. జిల్లాలో స్లీవ్ మార్చేవాడు ఒక్కడు లేకుండా పది లక్షల మిషన్ దింపితే, రెండో నెలకు దాని మీద కూల్‌డ్రింక్ సీసాలు పెడతారు.

సాఫ్ట్‌వేర్ వేలాడినా కాయిల్‌లో కరెంటు ఉండిపోకుండా ప్రతి కాయిల్‌కు టైమర్ హద్దు పెట్టించండి. కొట్టే పల్స్ 30 మిల్లీసెకండ్ల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాలి.

#20 పాలమూరు_ప్లంజర్

అక్క మాటకే నా ఓటు. ఒకటి కలుపుత: మిషన్ ముందు భాగంల రెండు కార్డులుంటయి, 6 అంగుళాలు × 3¼ ఉంటయి. అవి ఇంగ్లీషుల సన్న అక్షరాలు, ఎవడు చదువడు. తెలుగుల ప్రింట్ తీసి పెట్టాలె. ఇట్ల:

"పుల్ల గుంజి వదులు. బంతి ఏ పక్కకు వస్తే ఆ పక్క బటనే నొక్కు, రెండూ ఒక్కసారి నొక్కకు. ఫ్లిప్పర్ లేపి పట్టుకుంటే బంతి ఆగుతది. ఆగినంక వదిలి, బంతి కొనకు జారినప్పుడు కొట్టు. మెరుస్తున్న బాణం దిక్కు కొట్టు. డబ్బాను మెల్లగ తట్టొచ్చు, గట్టిగ ఊపితే బంతి పోతది."

ఇంతకు మించి ఒక్క లైను కూడ రాయకు.

#21 గడియారం_సెంటర్

మంచిది. ఇప్పుడే కొననైతే కొనను. హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర పాత విలియమ్స్ మిషన్ ఉందంట, ఒక ఫ్లిప్పర్ లేస్తలేదంట. బ్యాటరీ దగ్గర పచ్చదనం చూసి, స్విచ్ టెస్టు కాగితం మీద రాసుకుని వస్త. ఆ కాయిల్ విప్పి తెస్తే మిల్లుమోటరు అన్నా, నువ్వు చూస్తవా?

#22 మిల్లుమోటరు (మిర్యాలగూడ)

తీసుకురా తమ్మీ. విప్పేముందు ఏ రంగు తీగె ఏ కాలుకు ఉన్నదో ఫోన్‌ల ఫోటో కొట్టు, మూడు కాళ్ళుంటయి. డయోడ్లు ఎటు తిరిగి ఉన్నయో ఆ ఫోటోల కనబడాలె. చీటీ చింపకు. స్లీవ్ కూడ పట్టుకురా, చుట్టినంక దాన్ని దూర్చి చూడాలె. ముందు ఆడనే మీటరు పెట్టి ఓములు చూడు. 4 దగ్గర, 130 పైన రెండూ చూపెడితే కాయిల్ మంచిగనే ఉన్నట్టు. అప్పుడు నా దగ్గరికి కాదు, వనపర్తి అక్క దగ్గరికి బోర్డు పట్టుకుపో.